అడ్డపట్టెను నిలువుగా పెట్టండి

నేను స్పీకరు డబ్బాలు చేసేవాణ్ణి. శబ్దం పుట్టించే స్పీకరు ఎక్కడో ఫ్యాక్టరీ నుంచి వస్తుంది. దాన్ని బిగించే చెక్క డబ్బా మాత్రం నాందేడ్‌లో, పాత మోండా మార్కెట్టు వెనక సందులో, నా వర్క్‌షాపులో తయారయ్యేది. భజన మండళ్ళు, పెళ్ళి బ్యాండ్లు, షామియానాలు అద్దెకిచ్చేవాళ్ళు, కోచింగ్ క్లాసులవాళ్ళు, అందరికీ చేశాను. చెక్కపొడి ఊపిరితిత్తులకు పడదని డాక్టరు గట్టిగా చెప్పాక, యాభై ఏళ్ళు దాటుతూనే రంపం పక్కన పెట్టేశాను. పని మానేశానే గాని, ఏ డబ్బా కనిపించినా వేలి కణుపుతో ఒకసారి కొట్టి చూడకుండా ముందుకు పోలేను. మొన్న ఒక పెళ్ళిలో అక్షింతలు వేయడానికి పోతూ దారిలో రెండు డబ్బాలు కొట్టి చూశాను. ఒకటి బాగుంది.

ఇప్పుడు చాలామంది యువకులు ఫోనులో వీడియోలు చూసి సొంతంగా డబ్బాలు చేస్తున్నారు. ఇది నాకు భలే సంతోషం. వాళ్ళు నా దగ్గరికి వచ్చి అడిగేవి రెండే: ఏ స్పీకరు కొనాలి, ఎన్ని వాట్లుండాలి. గోడలకు ఊతంగా లోపల వేసే పట్టె ఎక్కడ పెట్టాలి అని అడిగినవాడు ఇంతవరకు లేడు. అందుకే ఈ రాత. ఇది మొత్తం ఒక చెక్కపట్టె గురించే. ఒక పట్టె గురించి ఇంత చెప్పడానికి ఏముంటుందని మీకు అనిపించవచ్చు. నాకు మాత్రం ముప్పై ఏళ్ళ తరువాత కూడా ఆ మాట ఎత్తితే ఒళ్ళు పులకరిస్తుంది.

గిన్నె మోగాలి, డబ్బా మోగకూడదు

మా నాన్నకు ఇత్తడి, స్టీలు గిన్నెల దుకాణం ఉండేది. కొనేవాళ్ళ ముందు గిన్నెను వేలితో కొట్టి, ఆ మోత ఆగేదాకా గాలిలో పట్టుకుని నిలబడేవాడు. మోత ఎంత సేపుంటే సరుకు అంత మంచిది. నేను ఆ చెవితోనే పెరిగి, ఆ దుకాణంలో కుదురుగా కూర్చోలేక, చాంద్ భాయ్ అనే ఉస్తాద్ దగ్గర వడ్రంగం నేర్చుకోవడానికి చేరాను. ఆయన అలమారీలు మానేసి స్పీకరు డబ్బాలలోకి దిగిన మనిషి.

చేరిన కొత్తలో నేను ఒక డబ్బా పక్క పలకను కొట్టి చూసి, “ఉస్తాద్, మంచిగ మోగుతున్నది,” అన్నాను సంబరంగా.

ఆయన చేతిలో ఉన్న బీడీ పక్కన పెట్టి నవ్వాడు. “అరే దుకాన్‌వాలే, యే హండీ నై హై. డబ్బా గారా, స్పీకర్ సున్‌రా!”

ఇది గిన్నె కాదురా, ఇక్కడ డబ్బా పాడుతోంది, స్పీకరు కూర్చుని వింటోంది అని. ఈ ఒక్క మాట అర్థమైతే మీకు వృత్తిలో సగం వచ్చినట్టే. పాడవలసింది స్పీకరు ముందున్న కాగితపు కోను ఒక్కటే. కోను ముందుకూ వెనక్కూ కదిలినప్పుడల్లా డబ్బాలోని గాలి గోడలను లోపలి నుంచి తోస్తుంది. ప్రతి పలకకూ తనకు నచ్చిన ఒక స్వరం ఉంటుంది. ఆ స్వరం రాగానే పలక కూడా ఊగడం మొదలుపెట్టి, సొంత గొంతు కలుపుతుంది. కోను ఆగిపోయాక కూడా పలక వెంటనే ఆగదు. అదే మీరు వినే ‘గుంయ్’. మాటల్లో ఉన్న హల్లులన్నీ ఆ గుంయ్ కింద మునిగిపోతాయి.

ఉస్తాద్ వైద్యం ఒకటే: మందం. అర అంగుళం ప్లైవుడ్ మోగితే అంగుళానికి పోయేవాడు. డబ్బా నిజంగానే మెరుగుపడేది. కాని దాన్ని ఎత్తే మనుషులు ఆయన్ను తిట్టే తిట్లు మోండా అంతా వినిపించేవి. ఆయన చెవి విషయంలో నేను ఇప్పటికీ తల వంచుతాను. ఆయన వైద్యం విషయంలో వంచను. బరువును బలం అనుకోవడం మన వృత్తికి ఉన్న పాత జబ్బు.

స్కేలు, హార్మోనియం

నేను చదివింది మరాఠీ మీడియంలో పదో తరగతి వరకే. లెక్కలంటే మాత్రం ఆకలి. ఒకరోజు మధ్యాహ్నం, భోజనం చేసి ఖాళీగా కూర్చుని, స్టీలు స్కేలును బల్ల అంచున నొక్కిపట్టి బయటికి ఉన్న కొసను వేలితో మీటుతున్నాను. చిన్నప్పుడు బడిలో అందరం చేసిన అల్లరే. బయటికి ఎక్కువ పొడవు ఉంటే ‘బొయ్’ అంటుంది, తగ్గిస్తే ‘టియ్’ అంటుంది. షాపులో మరమ్మతుకు వచ్చిన హార్మోనియం ఒకటి పక్కనే ఉంది. స్కేలు స్వరాన్ని దాని మీట మీద వెతికి పట్టుకున్నాను. తరువాత స్కేలును సగానికి తగ్గించి మళ్ళీ మీటాను.

సగం చేస్తే స్వరం రెట్టింపు అవుతుందనుకున్నాను, అంటే ఒక స్థాయి పైకి. కాని అది ఒక స్థాయి దాటి రెండో స్థాయిలో పోయి కూర్చుంది! ఒక్కో స్థాయికీ రెట్టింపు, రెండు స్థాయిలంటే నాలుగు రెట్లు. పొడవు సగమైతే స్వరం నాలుగింతలు. మళ్ళీ చేశాను. మళ్ళీ నాలుగే. లేచి షాపులో అటూ ఇటూ తిరిగాను. “క్యా హువా, బిచ్చూ కాటా క్యా?” అన్నాడు ఉస్తాద్, తేలు కుట్టిందా అని. తేలు కంటే గట్టిదే కుట్టింది.

తరువాత పాత కాగితాల దుకాణంలో అట్ట చినిగిన ఇంజనీరింగు పుస్తకం ఒకటి దొరికింది. ఇంగ్లీషు సరిగా అర్థం కాకపోయినా, నాలుగు పక్కలా అంచులు పట్టి ఉన్న పలక బొమ్మ, దాని కింద సూత్రం కనిపించాయి. సూత్రాలకు భాష అక్కర్లేదు. స్కేలు చెప్పిందే అక్కడ రెండు దిక్కులకూ ఉంది.

ఇప్పుడు కొంచెం ఓపిక పట్టండి. చేతివేళ్ళతో చేయగల లెక్కే.

ఒక డబ్బా పక్క పలక మూడు అడుగుల ఎత్తు, ఒకటిన్నర అడుగు వెడల్పు అనుకుందాం. అంటే పొడవు వెడల్పుకు రెట్టింపు. సులువు కోసం వెడల్పును 2 అని, పొడవును 4 అని పిలుద్దాం. ఒక్కో కొలతను దానితోనే హెచ్చించండి. 16ను ఆ వచ్చినదానితో భాగించండి. రెండు కొలతలకూ వచ్చినవి కలపండి. వెడల్పుకు 4, పొడవుకు 1, మొత్తం 5. ఇది పట్టె లేని పలక సంఖ్య. సంఖ్య ఎంత పెరిగితే పలక స్వరం అంత పైకి పోతుంది, ఊపు అంత చిన్నదవుతుంది, అంత త్వరగా చచ్చిపోతుంది. మనకు కావలసింది పెద్ద సంఖ్య.

ఉస్తాద్ పద్ధతిలో మందం రెట్టింపు చేస్తే 5 కాస్తా 10 అవుతుంది. బరువూ రెట్టింపే.

పలక నడుమ అడ్డంగా ఒక పట్టె వేస్తే పొడవు రెండు ముక్కలవుతుంది: 4 కలిపి 4, మొత్తం 8. రెండు అడ్డపట్టెలు వేస్తే 4 కలిపి 9, మొత్తం 13. మూడు వేస్తే 4 కలిపి 16, మొత్తం 20.

ఇప్పుడు ఒకే ఒక్క పట్టెను నిలువుగా, పై నుంచి కిందిదాకా పెట్టండి. ఈసారి వెడల్పు రెండు ముక్కలవుతుంది, 2 కాస్తా 1. వెడల్పుకు 16, పొడవుకు 1. మొత్తం 17!

రెండు అడ్డపట్టెలు కలిసి చేయలేని పనిని ఒక్క నిలువు పట్టె చేస్తోంది. దాన్ని దాటాలంటే మూడు అడ్డపట్టెలు కావాలి. ఈ సంఖ్యలు మొదటిసారి సిమెంటు బస్తా కాగితం మీద కనిపించినప్పుడు నేను నాలుగుసార్లు తుడిచి చేశాను. నిజమైన డబ్బాలో అంచుల బిగింపును బట్టి, ప్లైవుడ్ పొరలను బట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. ఎత్తుగా, సన్నగా ఉన్న పలకలో వరస మాత్రం మారదు. నలుచదరపు పలకైతే నిలువైనా అడ్డమైనా ఒకటే.

మూడు భాషల మోసం

మరి ఇంత సులువైన సంగతి ఎవరికీ ఎందుకు తట్టలేదు? నాందేడ్‌లో, ధర్మాబాద్‌లో, అవతల నిజామాబాద్ దాకా నేను విప్పిన ప్రతి చేతితయారీ డబ్బాలోనూ పట్టె అడ్డంగానే ఉండేది. మంచి పనివాళ్ళు చేసినవి కూడా.

కారణం మాటలో ఉంది. తెలుగులో దాని పేరు అడ్డపట్టె. మరాఠీలో ‘ఆడ్వీ పట్టీ’. ఉస్తాద్ దక్కనీలో ‘ఆడీ పట్టీ’. మూడు భాషలూ ఒక్కగొంతుతో అడ్డం, అడ్డం, అడ్డం అంటుంటే, దాన్ని చేత పట్టుకున్నవాడు నిలువుగా ఎలా పెడతాడు? తలుపుకు అడ్డపట్టె, మంచానికి అడ్డపట్టె, అదే చెయ్యి డబ్బాలోకి వచ్చింది. తలుపుకు అది సరే. తలుపు పాటలకు వణకదు కదా.

నేను ఉస్తాద్‌కు లెక్క చూపించాను. ఆయన కాగితం చూడలేదు. ఒక డబ్బా చేసి తెమ్మన్నాడు. తెచ్చాను. కొట్టాడు, చెవి ఆనించాడు, మళ్ళీ కొట్టాడు. “యే తో గూంగా హో గయా!” అన్నాడు. ఇది మూగదైపోయిందే అని. ఆ నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు నేను ఎన్నడూ వినలేదు. తరువాత కూడా దాన్ని ఆడీ పట్టీ అనే పిలిచేవాడు. పెట్టడం మాత్రం నిలువుగా పెట్టేవాడు.

హిమాయత్‌నగర్ డబ్బా

నేను చేసిన పనులన్నిటిలో ఒకదాన్ని వివరంగా చెబుతాను. పని మానేయడానికి కొద్దికాలం ముందు, దసరా నవరాత్రులు దగ్గరపడుతున్న రోజుల్లో, హిమాయత్‌నగర్ నుంచి ఒక జంట టెంపోలో రెండు పెద్ద డబ్బాలు వేసుకుని వచ్చారు. భూమన్న, లసుంబాయి. మైకు సెట్లు అద్దెకిస్తారు. డబ్బాలు భూమన్న సొంతంగా చేసినవి. మైకు దగ్గర కూర్చుని పిలిచేది లసుంబాయి. అమ్మవారి క్షేత్రమైన మాహూర్‌కు పోయే దారిలో, తెలంగాణ బస్సులు ఆగేచోట, యాత్రికులకు అన్నం పెట్టే ఒక మండలి ఉంది. అక్కడ తప్పిపోయినవాళ్ళ పేర్లు పిలిచే పని ఏటా వీళ్ళదే.

“గీ డబ్బా సూడు విఠలన్నా, ఎంత మజ్బూత్ జేసిన్నో! లోపట ఒక్కొక్క దిక్కు రెండు రెండు అడ్డపట్టెలు ఏసిన,” అన్నాడు భూమన్న.

“మజ్బూతే. దించుతుంటె టెంపో డ్రైవర్ దండం పెట్టిండు,” అంది లసుంబాయి.

“నువ్వు జర ఊకో. ఇంకోటి ఏస్తె గా గుంయ్‌మనుడు బందైతది.”

“రెండోది ఏసినప్పుడు గూడ గిదే మాట జెప్పినవ్. నువ్వు జేస్తున్నది డబ్బానా, నిచ్చెననా?”

అసలు బాధ ఏమిటని అడిగాను. లసుంబాయి చెప్పింది వింటూ నేను నవ్వు ఆపుకోలేకపోయాను. తరువాత నవ్వినందుకు సిగ్గేసింది.

“రాజన్న అని పిలిస్తె రాజవ్వ అస్తున్నది అన్నా. గంగవ్వను పిలిస్తె గంగన్న అస్తుండు. పోయినేడు ఒక ముసలామె అచ్చింది, మొగడు తప్పిపోయిండు, పేరు రాజన్న అన్నది. పిలిస్తిని. నలుగురు రాజవ్వలు అచ్చి నిలవడ్డరు. గా ముసలామె నా మొకం జూసి, ‘బిడ్డా, మొగన్ని దెమ్మంటె సవతులను దెచ్చినవా’ అన్నది!”

“మరాఠీల పిలిస్తెనో?” అని అడిగాను.

“గదే పరేషాన్. మరాఠీల గింత లొల్లి లేదు. మన పేర్లే తప్పుతున్నయి.”

నా తలలో దీపం వెలిగినట్టయింది. మన పేర్లు చూడండి: రాజన్న, రాజవ్వ, పోశన్న, పోశవ్వ, నర్సన్న, నర్సవ్వ. ఆడో మగో తేల్చేది చివర ఉన్న ఒక్క హల్లు. న్న, వ్వ. ముందున్న అచ్చుకు పలక మోగడం మొదలుపెట్టి, ఆ హల్లు వచ్చే వేళకు కూడా ‘గుంయ్’ అంటూనే ఉంటే, వినేవాడికి మిగిలేది ‘రాజ... అ’ అంతే. మిగతాది ఎవరికి వాళ్ళు పూరించుకుంటారు. మరాఠీ పేర్లకు తోకలు వేరు, అందుకే అవి ఎలాగో గట్టెక్కాయి.

“ఈయేడు మండలోళ్లు సాఫ్ జెప్పిన్రు,” అంది లసుంబాయి, ఈసారి గొంతు తగ్గించి. “పేర్లు మంచిగ ఇనరాకపోతె నాందేడ్ పార్టీకి ఇస్తరట. ఆళ్లు డబ్బాలు ఆళ్లయే తెస్తరు, మైకు కాడ మనిషిని గూడ ఆళ్లే తెస్తరు. గా మనిషికి తెలుగు రాదు. నేను మైకు ముందట కూసుంటెనే మనిషిని అన్నా. గది పోతె సోయాబీన్ కోతకు పోవుడే.”

భూమన్న చేతిలో ఉన్న ఎర్ర తువ్వాలు మడత పెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు.

రవ్వ ఆడిన ఆట

రోగం కంటికి చూపించకుండా ఎవరి డబ్బానూ విప్పకూడదు. ఇది నా నియమం. డబ్బాను పక్కకు పడుకోబెట్టి, పైకి వచ్చిన పలక మీద గుప్పెడు ఉప్మా రవ్వ పల్చగా చల్లాను. రవ్వ మా ఇంట్లోదే. ఫోనులో స్వరాన్ని మెల్లగా పెంచుకుంటూ పోయే యాప్ పెట్టి, ఆ శబ్దాన్ని డబ్బాలోకి పంపాను.

మొదట ఏమీ లేదు. స్వరం పెరుగుతోంది, పెరుగుతోంది. ఒక్కసారిగా పలక నడుమ ఉన్న రవ్వంతా పెనం మీద పడ్డట్టు ఎగరడం మొదలుపెట్టింది! నడుమ నుంచి పారిపోయి అంచుల దగ్గర కుప్పలు పడింది. లోపల పట్టెలున్నచోట గీత కూడా కనిపించలేదు. రెండు పట్టెలున్నా మొత్తం పలక ఒకే ముక్కగా ఊగుతోంది.

“అమ్మో, జాతర్ల పూనకం అచ్చినట్టు ఎగురుతున్నది!” అంది లసుంబాయి. తరువాత ఆ స్వరాన్ని విని, తను నోటితో ‘రా’ అని సాగదీసి చూసింది. ఆ డబ్బా పూనకం స్వరం, మాట్లాడే గొంతు అడుగున ఉండే స్వరం, రెండూ ఇరుగుపొరుగే. “గిది నా గొంతును మింగుతున్నదే!” అని భూమన్న వైపు తిరిగింది. “నువ్వు జేసిన డబ్బా నాకు సవతైంది గదయ్యా!”

వెనక పలక విప్పాం. అడ్డపట్టెలు రెండంగుళాల వెడల్పు, అర అంగుళం మందం ఉన్నవి. వాటిని పలకకు అప్పడంలా బోర్లా పడుకోబెట్టి మేకులు కొట్టాడు భూమన్న. అడ్డం పెట్టడం ఒక తప్పు, పడుకోబెట్టడం అంతకంటే పెద్ద తప్పు. అదే పట్టెను అంచు మీద నిలబెడితే వంగకుండా నిలిచే బలం పదహారు రెట్లు. అదే కర్ర, అదే బరువు! చేతిలో స్కేలు పట్టుకుని చూడండి. పడుకోబెడితే వంగుతుంది, అంచు మీద పెడితే వంగదు.

“పడుకున్నోడు గోడను ఆపుతడా భూమన్నా? నిలవడ్డోడు ఆపుతడు,” అన్నాను.

“మరి అందరు అడ్డపట్టె అంటరు గదనే,” అన్నాడు, పట్టె పేరే తనను మోసం చేసినట్టు.

“నేను గూడ అట్లనే అన్న చానా రోజులు. పేరు అడ్డంది, పని నిలువుది.”

ఒక అంగుళం పక్కకు

రెండు డబ్బాల్లోనూ పాత పట్టెలు పీకేశాం. రెండు పక్క పలకలకూ చెరొక పట్టెను నిలువుగా, అంచు మీద నిలబెట్టి అతికించాం. పట్టెను సరిగ్గా నడుమ పెట్టబోయాడు భూమన్న, పద్దెనిమిది అంగుళాల పలకకు తొమ్మిది అంగుళాల దగ్గర గీత గీసి.

“ఒక అంగుళం ముందటికి జరుపు,” అన్నాను.

“కొల్త తప్పుతది గదా!”

“తప్పాలె. నడుమ పెడితె రెండు దిక్కులు సమానం. సమానమైతె ఇద్దరు అన్నదమ్ములు ఒక్కటే పాట అందుకుంటరు. ఒకడు ఎక్కువ, ఒకడు తక్కువైతె ఇద్దరి పాట కలవది.”

“గీ మాట మా అత్తమామలకు జెప్పున్రి,” అంది లసుంబాయి. “పొలం సగం సగం పంచిన్రు, పొద్దుగాల లేస్తె అన్నదమ్ములిద్దరిది ఒక్కటే లొల్లి.”

లెక్క కూడా అదే చెబుతుంది. నడుమ ఉంటే 17, 17. ఒక అంగుళం జరిపితే ఒక పక్క దాదాపు 14, ఇంకో పక్క 21. చిన్నది కూడా రెండు అడ్డపట్టెల 13 కంటే పైనే ఉంది. రెండు పక్కలూ ఒకే స్వరానికి లేవవు. వడ్రంగి చెయ్యి ఎప్పుడూ సరిసమానాన్ని కోరుతుంది. ఈ పనిలో మాత్రం ఆ అలవాటును కాస్త అదుపులో పెట్టండి.

చివరగా రెండు నిలువు పట్టెల మధ్య, ఈ గోడ నుంచి ఆ గోడకు, ఒక చిన్న కర్రను దూలంలా కలిపాం. స్పీకరు అయస్కాంతానికి తగలకుండా చూసుకున్నాం. రెండు గోడలూ ఒకేసారి బయటికి ఉబ్బాలని చూస్తాయి. ఆ కర్ర రెండింటినీ ఒకదానికొకటి కట్టేస్తుంది. జిగురు పట్టె పొడవునా ఎక్కడా ఖాళీ లేకుండా రాసి, బిగింపులు వేసి, ఎండేదాకా వదిలేశాం. వాళ్ళు ఆ రోజు మా ఇంట్లోనే ఉన్నారు.

మర్నాడు మళ్ళీ రవ్వ చల్లాను. మా ఆవిడ వంటింట్లోంచి, “ఇగ ఇయ్యాల ఉప్మా లేదు, అందరు డబ్బా మీదిదే తినున్రి!” అని కేక వేసింది. స్వరం పెరిగింది. నిన్న పూనకం వచ్చిన చోటికి వచ్చింది. రవ్వ కదల్లేదు! ఒక్క గింజ కదల్లేదు! స్వరం ఇంకా పైకి, ఇంకా పైకి పోయాక, వెడల్పుగా ఉన్న పక్కన రవ్వ కొంచెం వణికి, అలసిపోయినట్టు ఆగింది. మరికొంత పైకి పోయాక ఇంకో పక్క వణికింది. రెండూ వేర్వేరు చోట్ల, లెక్క చెప్పిన వరసలోనే. నడుమ పట్టె పొడవునా రవ్వ సన్నని గీతలా నిలిచి ఉంది. నేను ఎన్నో డబ్బాలు చేశాను. ఆ గీత చూసినప్పుడల్లా కొత్తగానే ఉంటుంది.

పాత పట్టెలతో పోలిస్తే బరువు పెరగలేదు. భూమన్న కణుపుతో పలకను కొట్టి, మళ్ళీ కొట్టి, “సప్పుడే లేదు గదనే,” అన్నాడు గుసగుసగా.

కొన్ని మాటలు సూటిగా

ఆ జంట సంగతి ముగించే ముందు, ఈ పనిలో మీకు ఎదురయ్యే కొందరి గురించి చెబుతాను. “ఛాతీ అదరాలె” అని అడిగేవాళ్ళు వస్తారు. అడగనివ్వండి. కాని కోను అదిరించే ఛాతీ వేరు, డబ్బా అదిరించే ఛాతీ వేరు. రెండోది బాసు కాదు, రోగం. లోపల దూది కుక్కితే అన్నీ సర్దుకుంటాయనేవాళ్ళు వస్తారు. దూది లోపలి గాలిలో తిరిగే శబ్దాన్ని మింగుతుంది. గోడ ఊపును ఆపలేదు. షహబాదు బండలు అతికించమనేవాళ్ళూ వస్తారు. వాళ్ళను డబ్బా ఒకసారి మోయమనండి.

పట్టెను మేకులతో మాత్రమే కొట్టి వదిలేసేవాణ్ణి పనిలో పెట్టుకోకండి. జిగురు లేని పట్టె కొన్నాళ్ళకు వదులై, తానే ‘జర్ర్’ మని పాడుతుంది. పాటను ఆపడానికి పెట్టిన కర్ర కచేరీ మొదలుపెడుతుంది.

మాహూర్ దారిలో

మండలివాళ్ళు డబ్బాలకు పెట్టిన పరీక్ష రోజున లసుంబాయి నన్ను కూడా రమ్మంది. బస్సులు ఆగే మలుపు నుంచి మైకు ఉన్న పందిరి దాకా దారి పొడవునా యాత్రికులు. మలుపు దగ్గర దిగుతున్నవాళ్ళంతా తెలంగాణ వైపువాళ్ళు. మండలి పెద్ద పాటిల్ కాకా పందిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు.

భూమన్నను మలుపు దాకా పంపారు. పిలిచిన పేరు స్పష్టంగా వినిపిస్తే తువ్వాలు ఊపాలి. లసుంబాయి ఒక పేరు పిలిచింది. దూరంగా ఎర్ర తువ్వాలు ఊగింది. ఇంకో పేరు. తువ్వాలు మళ్ళీ ఊగింది. మూడో పేరు ఇంకా పూర్తికాకముందే ఊగింది.

పాటిల్ కాకా మీసాలు దువ్వుకున్నాడు. “నవరాచ్ ఆహే తో! టవల్ హలవణార్‌చ్!”

మొగుడే కదా, తువ్వాలు ఊపకేం చేస్తాడు అని.  లెక్క సరిగ్గా ఉంది, డబ్బా సరిగ్గా ఉంది, సాక్షి సరిగ్గా లేడు. నాందేడ్ పార్టీ మనిషి ఒకడు అప్పటికే పందిరి పక్కన, తన డబ్బాలు కట్టడానికి స్తంభాలు లెక్కపెట్టుకుంటున్నాడు. లసుంబాయి ఒక్క క్షణం మైకును చేత్తో మూసి, మలుపు వైపు చూసింది. తరువాత చెయ్యి తీసి, తప్పిపోయినవాళ్ళను పిలిచే మామూలు గొంతుతోనే మొదలుపెట్టింది.

“అవ్వలారా, అయ్యలారా, జర ఇనున్రి. ఒక మనిషి తప్పిపోయిండు. పేరు భూమన్న. ఊరు హిమాయత్‌నగర్. చేతిల ఎర్ర తువ్వాల, ఎందుకో ఏందో ఊకె ఊపుతనే ఉంటడు. మనిషి కంటె ముందు పొట్ట అస్తది. జెప్పిన మాట ఇనడు. బస్సుల కాడ ఎవరికన్న కనవడితె రెక్క వట్టుకొని మైకు కాడికి తోల్కరాన్రి. పెండ్లాం పరేషాన్ల ఉన్నది.”

ఒక క్షణం ఏమీ లేదు. ఆ మలుపు దాకా శబ్దం పోవడానికీ, అక్కడి నుంచి రావడానికీ పట్టే సమయం నాకు తెలుసు. అయినా వేళ్ళ మీద లెక్కపెట్టాను. అప్పుడు వచ్చింది, దూరం నుంచి, ఒక్కసారిగా, పెద్ద నవ్వు! మలుపు దగ్గర తలలన్నీ తిరిగాయి. తువ్వాలు ఊపడం ఆగిపోయింది. ఇద్దరు పెద్దవయసు ఆడవాళ్ళు భూమన్నను చెరో రెక్క పట్టుకుని బయలుదేరారు. వాళ్ళ వెనక ఇంకా కొందరు, నెత్తిన మూటలతోనే.

“నేను తప్పిపోలేదమ్మా, గీడనే ఉన్న!” అంటున్నాడు భూమన్న.

“మాట ఇనవని గూడ జెప్పింది, నడువ్,” అంది ఒకామె.

వాళ్ళు అతన్ని లాక్కొచ్చి లసుంబాయి ముందు నిలబెట్టారు. “గీయనేనా బిడ్డా? పొట్ట సూసి గుర్తువట్టినం.”

నాందేడ్ పార్టీ మనిషి స్తంభాలు లెక్కపెట్టడం ఆపాడు. పాటిల్ కాకా కుర్చీలోంచి లేచి, కంగారుగా నా వైపు తిరిగాడు. “కాయ్ ఝాలం? చోర్ ఆహే కా హా?”

ఏమైంది, వీడు దొంగా అని అడుగుతున్నాడు. నేను ఆమె చెప్పిందంతా మొదటి నుంచి, ఒక్కో మాటా మరాఠీలోకి మార్చి చెప్పాను. పేరు, ఊరు, తువ్వాలు. పొట్ట దగ్గరికి వచ్చేసరికి ఆయన పెదవులు కదిలాయి. మాట వినడు అన్నచోట కుర్చీ చేతిని పట్టుకున్నాడు. దారి మీద అందరూ నవ్వి ఆపేశాక, అందరికంటే చివర, అందరికంటే గట్టిగా నవ్వాడు పాటిల్ కాకా. కళ్ళు తుడుచుకుంటూ వంగి, మైకు స్టాండును లసుంబాయి వైపు ఇంకో జానెడు జరిపాడు.